మన టీచర్ల పని వెతికితే దొరకాలి

(ఏజెన్సీ టీచర్లు, డీఎస్సీ అభ్యర్థులతో మాట్లాడిన మాటల పాఠం)

ఆశ్రమ పాఠశాలల్లో పనిచేస్తున్న అన్నలకు, అక్కలకు, ఏళ్లుగా సీఆర్టీలుగానే ఉండిపోయినవాళ్లకు, డీఎస్సీకి చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, ఫోన్‌లో ఇది చదువుతున్న మిత్రులకు ఈరోజు ఒకే మాట చెబుతాను. మీరు టీచరుగా చేస్తున్న పని మీ పేరుతో ఇంటర్నెట్‌లో కనబడాలి. అదెందుకో, ఎలాగో మాట్లాడుకుందాం.

2000 జనవరి 10న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జీవో నంబర్ 3 వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని చెప్పిన జీవో అది. ఎందుకొచ్చిందో మన పెద్దలకు బాగా తెలుసు. బయట నుంచి వచ్చిన సార్లు బడికి సరిగా వచ్చేవాళ్లు కాదు, పిల్లల భాష వాళ్లకు వచ్చేది కాదు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లను షరతులతో కొనసాగనిచ్చింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంది. గిరిజన పిల్లలకు గిరిజనులే చదువు చెప్పాలనడాన్ని కూడా తప్పుపట్టింది.

ఆ తీర్పు మీద మన పోరాటం వేరే ఉంది, అది ఆగదు. నా ప్రశ్న ఇంకొకటి. 'ఆదివాసీ టీచరు ఉంటే బడిలో ఏం మారుతుంది?' అని రేపు ఒక అధికారి అడిగితే, ఒక విలేకరి అడిగితే, మన పక్కన నిలబడాలనుకునే స్నేహితుడే అడిగితే, ఏం చూపిస్తాం? ఇరవై ఏళ్లలో మన టీచర్లు చేసిన పని ఎక్కడుంది? పిల్లల నోటిలో ఉంది, ఊరి జ్ఞాపకంలో ఉంది. వెతికితే దొరికే చోట మాత్రం లేదు.

ఒక చిన్న ఉదాహరణ చూడండి. మా కోయలో ఏరు అంటే నీళ్లు. తెలుగు పుస్తకంలో ఏరు అంటే వాగు. ఒకటో తరగతి పిల్ల ఆ పాఠం దగ్గర ఆగిపోతే, భాష తెలియని సారు 'ఈ పిల్లకు చదువు రాదు' అని రాసేస్తాడు. భాష తెలిసిన టీచరు రెండు నిమిషాల్లో ఆ ముడి విప్పుతుంది. ఆ రెండు నిమిషాల పనే మన వాదనకు అసలైన సాక్ష్యం. దాన్ని ఒక పేజీలో రాసి పెట్టిన టీచరు మనలో ఎంతమంది ఉన్నారు?

ఇప్పుడు ఎలాగో చూద్దాం.

మొదటిది, ఒక స్థిరమైన చోటు. వాట్సాప్ గ్రూపులో పెట్టింది వారానికి కిందికి పోతుంది, ఫోన్ మారితే ఉంటుందో లేదో తెలియదు. అందుకే ఉచిత బ్లాగు కానీ, యూట్యూబ్ చానల్ కానీ, ఫేస్‌బుక్ పేజీ కానీ ఏదో ఒకటి ఎంచుకోండి. పండగ ఫొటోలు, పెళ్లి ఫొటోలు పెట్టే సొంత ఖాతా వేరు, పని ఖాతా వేరు. పని ఖాతాలో మీ పూర్తి పేరు, చదువు, ఏ తరగతులకు ఏం చెబుతారు, ఏ భాషలు వచ్చు అన్నది నాలుగు వాక్యాల్లో రాయండి. కోయ, గోండి, కొలామి, సవర, కువి వచ్చు అని రాయడానికి సిగ్గుపడకండి. అది మీ అర్హత. ఫోన్ నంబర్, ఇంటి చిరునామా మాత్రం పెట్టొద్దు.

రెండోది, ఏం పెట్టాలి. మీ గొప్పలు అక్కర్లేదు, మీ పని పెట్టండి. నెలకు ఒక్కటి చాలు. ఏ పాఠం దగ్గర పిల్లలు ఆగారు, మీరేం చేశారు, ఏమైంది, ఇంకా ఏది కుదరలేదు అని రాయండి. లెక్కలకు ఇప్పపువ్వు, చింతగింజలు వాడితే అది రాయండి. సంతలో కొలతలతో పాఠం చెప్తే అది రాయండి. కుదరనిది కూడా రాస్తేనే ఇంకో టీచరు మిమ్మల్ని నమ్ముతాడు.

మూడోది, వెతికితే దొరికేలా పెట్టడం. అను ఫాంట్లలో టైపు చేసింది నెట్‌లో అతికిస్తే పిచ్చి గీతల్లా వస్తుంది. యూనికోడ్‌లో టైపు చేయండి, ఫోన్ కీబోర్డు చేసేది అదే. చేతిరాత కాగితాన్ని ఫొటో తీసి పెడితే, కింద విషయం నాలుగు లైన్లు టైపు కూడా చేయండి. శీర్షికలో తరగతి, పాఠం, భాష పేరు ఉండాలి. మన లిపులకూ ఇప్పుడు చోటు ఉంది. మసారాం గోండి లిపి 2017లో యూనికోడ్‌లోకి వచ్చింది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊళ్లో రాతప్రతుల్లో దొరికిన గుంజాల గోండి లిపి 2018లో వచ్చింది. చోటైతే వచ్చింది, అందులో రాసేవాళ్లు మనమే కావాలి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ 2015 నుంచి ఉంది. పిల్లల కథలు అక్కడ ఉచితంగా చదవొచ్చు, మన భాషలోకి మార్చి మన పేరుతో పెట్టొచ్చు. ఒక కథ మార్చడం మంచి మొదలు.

సిగ్నల్ లేదంటారు, నిజమే. గుట్ట మీద రాసుకోండి, సంత రోజు కిందికి వచ్చినప్పుడు ఎక్కించండి. రాయడానికి నెట్ అక్కర్లేదు కదా.

నాలుగోది, ఏం పెట్టకూడదు. ఇది అన్నిటికంటే ముఖ్యం. పిల్లల ముఖాలు వద్దు. హాస్టల్ ఆడపిల్లల ఫొటోలు అసలు వద్దు. దుప్పట్లు పంచుతూ, పళ్లేలు పట్టుకుని వరసలో నిలబడిన పిల్లల ఫొటోలు ఇప్పటికే చాలామంది పెట్టారు. ఆ పిల్లవాడు పెద్దయి కాలేజీకి వెళ్లాక కూడా ఆ ఫొటో తిరుగుతూనే ఉంటుంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది. వాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల ఒప్పుదల కావాలంటుంది. చట్టం సంగతి అటుంచండి, ఆ తల్లిదండ్రులు మన బంధువులే. వాళ్ల భాషలో అడగండి. వద్దంటే వద్దే. మార్కులు, జబ్బులు, ఇంటి గొడవలు ఎప్పుడూ రాయొద్దు. పిల్లల చేతులు, బోర్డు, వాళ్లు గీసిన బొమ్మ చూపిస్తే చాలు. వేల్పుల కొలుపులు, కర్మకాండల పాటలు పాఠంలో వాడినా సరే, ఊరి పెద్దలు ఒప్పుకోకుండా నెట్‌లో పెట్టొద్దు.

ఐదోది, ఉద్యోగ భద్రత. ప్రభుత్వ టీచర్లకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి వర్తిస్తుంది. ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శిస్తే దాని కింద చర్య తీసుకోవచ్చు. కాంట్రాక్టు వాళ్ల పరిస్థితి ఇంకా సున్నితం. కాబట్టి పని ఖాతాలో పాఠమే ఉండనివ్వండి. ప్రశ్నించే పని మాలాంటి యువజనులకు వదలండి. మీరు చూపించిన పనే మా చేతిలో బలమవుతుంది.

'పేరు కోసం చేస్తున్నాడు అంటారు తమ్ముడూ' అని ఒక సీనియర్ టీచరు నాతో అన్నారు. అననివ్వండి సార్. మన గురించి పరిశోధనలు రాసినవాళ్లు తమ పేరు పెట్టుకున్నారు. మనం చెప్పిన పాఠానికి మన పేరు ఉంటే తప్పేంటి? కావాలంటే ముగ్గురు నలుగురు టీచర్లు కలిసి ఒకే పేజీ నడపండి. ఏ పాఠం ఎవరిదో కింద రాస్తే చాలు.

దీంతో సీఆర్టీలు రెగ్యులర్ అయిపోతారని, జీవో 3 తిరిగొస్తుందని నేను చెప్పను. దానికి చట్టం కావాలి, రోడ్డు మీద మనం కావాలి. కానీ రేపు మన మాట వినడానికి ఎవరైనా కూర్చున్న రోజున, చేతిలో నినాదంతో పాటు వంద పాఠాలు ఉండాలి. ఏ ఊళ్లో, ఏ భాషలో, ఏ టీచరు చెప్పారో పేరుతో సహా ఉండాలి.

చదువుకున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకూ పని ఉంది. మీ ఊరి టీచరు దగ్గరికి వెళ్లండి. టైపింగ్ రాకపోతే వాళ్లు చెబుతుంటే మీరు కొట్టండి. ఖాతా, పాస్‌వర్డ్ వాళ్ల చేతిలోనే ఉండాలి, పెట్టే ముందు వాళ్లే చదివి ఒప్పుకోవాలి. ఈ నెల ఒక్క పాఠంతో మొదలుపెడదాం.