అధికారం చారల్లో లేదు, నడవడిలో ఉంది
(పావగడ తాలూకా మిల్లు కార్మికుల సభలో సంఘం తరఫున చేసిన ప్రసంగం)



మన పల్లెల నుంచి మిల్లుకు పోయిన వాళ్లున్నారు, సైన్యంలో చేరిన వాళ్లూ ఉన్నారు. క్రమశిక్షణ రెండు చోట్లా కావాల్సిందే. అయితే క్రమశిక్షణ అంటే తిట్లు పడి ఊరుకోవడమా?

డెహ్రాడూన్ సైనిక అకాడమీలో 1932లో ఛెట్‌వుడ్ అనే తెల్ల సేనాపతి అధికారులకు చెప్పిన నియమం ఇది: ముందు దేశం, తర్వాత నీ కింది జవాన్ల క్షేమం, నీ సుఖం అన్నిటికంటే చివర.

ఆచరణ వేరుగా ఉంది. బొంబాయి ‘తల్వార్’ నౌకాదళ కేంద్రంలో తిండి తినేలా లేదు, పై అధికారి నోరు తెరిస్తే బూతులే. 1946 ఫిబ్రవరి 18న నావికులు సమ్మెకు దిగారు. ఎం.ఎస్.ఖాన్ అధ్యక్షుడుగా, మదన్ సింగ్ ఉపాధ్యక్షుడుగా కమిటీ వేసుకున్నారు. మతం అడ్డు రాలేదు. సమ్మె కరాచీకి, మన విశాఖపట్నానికీ పాకింది. 22న బొంబాయి మిల్లు కార్మికులు మరమగ్గాలు ఆపి వీధుల్లోకి వచ్చారు. కాల్పుల్లో 200 మందికి పైగా నేలకొరిగారు. 23న నావికులు లొంగిపోయారు. వందలాది మంది కొలువులు పోయాయి. అయినా కూలినది నావికుల పరువు కాదు, దొరల పెత్తనం. మరుసటి ఏడే వాళ్లు దేశం వదిలారు.

ఆ నియమంతో సూపర్‌వైజరును కొలవండి. సంఘం నాయకులమైన మమ్మల్నీ కొలవండి. చందా లెక్క చెప్పకపోతే, గేటు దగ్గర మీకంటే వెనక నిలబడితే నిలదీయండి. తెలుగు, కన్నడం అంటూ మనల్ని చీల్చేవారిని నమ్మకండి.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!