ఫోను నిద్రపోయినా కబురు అందాలి

(ఉపకారవేతనాల ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను బి.కాం. చదివి బ్యాంకులో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే రిటైరైనవాణ్ణి. ఇంజనీరును కాను. అయినా ఈ పూట సెల్‌ఫోను గురించి మాట్లాడాలని నిలబడ్డాను. ముందు వరసలో పిల్లలు నవ్వుకుంటున్నారు. నవ్వండి, తప్పులేదు. కిందటి ఏడు జరిగిన సంగతి విన్నాక మాత్రం కాస్త ఆలోచించండి.

దరఖాస్తులు పరిశీలించే పని ట్రస్టువారు నాకు అప్పగించారు. ఒక అమ్మాయి దరఖాస్తులో ఆదాయ ధ్రువపత్రం అసలు ప్రతి చూడవలసి ఉంది. మర్నాడు మధ్యాహ్నం పన్నెండు గంటలకల్లా తెమ్మని రాత్రి తొమ్మిదిన్నరకు వాట్సాప్‌లో కబురు పెట్టాను. పన్నెండైంది, రాలేదు. జాబితా మూసేశాం. ఆ సొమ్ము తరువాతి పేరుకు వెళ్లిపోయింది. మూడు గంటలకు ఆ అమ్మాయి ధ్రువపత్రం చేతిలో పట్టుకుని ఆయాసపడుతూ వచ్చింది. "తాతగారూ, మెసేజ్ ఇప్పుడే వచ్చిందండీ" అంది. నేను నమ్మలేదు. "రాత్రి పంపితే ఇప్పుడు రావడమేమిటమ్మా, అజాగ్రత్త కాకపోతే" అని నలుగురిలో మందలించాను.

ఇంటికి వెళ్లాక మనసు ఒప్పలేదు. ముప్పై ఏళ్లు లెడ్జర్లు చూసినవాణ్ణి, రికార్డు చూడకుండా మాట అనేశానే అనిపించింది. నా ఫోనులో ఆ మెసేజ్‌ను నొక్కి పట్టి 'ఇన్ఫో' చూశాను. అందిన సమయం మధ్యాహ్నం ఒంటిగంట యాభై అని ఉంది. రాత్రంతా దానికి ఒక్క టిక్కే ఉండి ఉండాలి. ఒక టిక్కు అంటే నేను పంపాననే కాని, ఆమెకు చేరిందని కాదు. చెక్కు పెట్టెలో వేసినంత మాత్రాన సొమ్ము జమ అయినట్టు కాదు కదా. ఆ తేడా నాకు తెలియాలి. నేను చూడలేదు.

మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. ఫోనులో డేటా ప్యాకు లేదు. కింది వాటాలో ఉన్న పిన్నిగారి వైఫైతోనే నడుస్తుంది. ఆ రాత్రి చదువు చెడుతుందని అమ్మాయి ఫోను బోర్లించి పక్కన పెట్టింది. తెల్లవారి ప్రాక్టికల్ పరీక్ష, ఫోను లోపలికి రానివ్వరని గూట్లోనే వదిలి వెళ్లింది. తిరిగి వచ్చి తెరవగానే కబుర్లన్నీ ఒక్కసారి గణగణమని పడ్డాయి. శ్రద్ధగా చదువుకున్నందుకే ఆ పిల్ల నష్టపోయిందన్నమాట.

ఇలా ఎందుకు జరుగుతుందో నాకు తెలిసిన భాషలో చెబుతాను. పూర్వం బ్యాంకులో సొమ్ము తీసుకోవాలంటే ఇత్తడి టోకెను ఇచ్చేవారు. ఖాతాదారు బల్లమీద కూర్చుని కునుకు తీసేవాడు. క్యాషియరు నంబరు పిలిచినప్పుడు కళ్లు తెరిచి, తనది కాకపోతే మళ్లీ కళ్లు మూసేవాడు. వైఫైలో ఫోను చేసే పనీ అదే. తెర ఆరిపోయాక బ్యాటరీ మిగిల్చుకోవడానికి ఫోను కునుకు తీస్తుంది. రౌటరు మామూలుగా సెకనుకు సుమారు పదిసార్లు పిలుపు వేస్తుంది. ఫలానా వాళ్లకు కబురుందని ఆ పిలుపులో చెబుతుంది. ఫోను నడుమ నడుమ లేచి విని, తనకుంటే తీసుకుంటుంది. 1997లో వచ్చిన మొదటి వైఫై ప్రమాణంలోనే ఈ ఏర్పాటు ఉంది. అంచేత కునుకు తప్పు కాదు. పిలుపు వినబడనంత గాఢనిద్ర పోవడం వల్లనే చిక్కు.

ఇప్పుడు మీ ఫోనును ఎలా పరీక్షించుకోవాలో వినండి. మన పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఫోనులో ఇంగ్లీషు కనుక సెట్టింగుల పేర్లు ఫోనులో ఉన్నట్టే చెబుతాను.

మొదట, తప్పు ఫోనుదేనా అని చూడాలి. రాత్రి కరెంటు పోతే రౌటరూ ఆగిపోతుంది. అప్పుడు ఇంట్లో ఏ ఫోనుకూ కబురు రాదు. దానికి మందు రౌటరును ఇన్వర్టరుకు కలపడం, లేదా దానికోసమే అమ్మే చిన్న బ్యాటరీ పెట్టె తగిలించడం. అందరికీ వచ్చి మీ ఒక్కరికే రాకపోతే ముందుగా మీ ఫోను సంగతి చూడండి.

తరువాత, ఒక గంటసేపు ఫోను ముట్టకుండా ఉంచి ఇంకొకరిచేత మెసేజ్ పెట్టించండి. ఒకసారి చార్జరుకు తగిలించి, ఒకసారి తీసేసి చేయండి. తెర వెలిగించిన క్షణంలో పైనున్న వైఫై గుర్తును చూడండి. మూడు రకాల ఫలితాలు రావచ్చు.

ఒకటి: వైఫై గుర్తు ముందు కనబడక, కొన్ని క్షణాలకు వస్తుంది. అంటే నిద్రలో ఫోను వైఫైని పూర్తిగా వదిలేస్తోంది. పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో వైఫై అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో 'కీప్ వైఫై ఆన్ డ్యూరింగ్ స్లీప్' అని ఉంటుంది. అందులో ఆల్వేస్, ఓన్లీ వెన్ ప్లగ్డ్ ఇన్, నెవర్ అని మూడు. ఆ అమ్మాయి ఫోనులో రెండోది పెట్టి ఉంది. చార్జరులో ఉంటే కబురు వస్తుంది, తీస్తే రాదు. ఆల్వేస్ నొక్కాను, అంతే. అర నిమిషం పని.

రెండు: వైఫై గుర్తు ఉంటుంది కాని, ఆ యాప్ తెరిచేదాకా కబుర్లు రావు. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి డోజ్ అనే ఏర్పాటు ఉంది. చార్జరు లేకుండా, కదలకుండా, తెర ఆరి కొంతసేపు ఉంటే ఫోను యాప్‌లకు నెట్‌వర్కు ఆపి, అప్పుడప్పుడు మాత్రమే కాసేపు వదులుతుంది. అత్యవసరమని గుర్తు పెట్టిన కబుర్లను రానివ్వాలి కాని, కొన్ని కంపెనీలు తమ సొంత బ్యాటరీ పొదుపును దానిపైన ఇంకా బిగిస్తాయి. యాప్స్‌లోకి వెళ్లి వాట్సాప్, ఈమెయిల్ రెండింటికీ బ్యాటరీ దగ్గర 'అన్‌రెస్ట్రిక్టెడ్' పెట్టండి. పాత ఫోన్లలో 'డోంట్ ఆప్టిమైజ్' అని ఉంటుంది. అన్ని యాప్‌లకూ పెట్టకండి, తెల్లవారేసరికి బ్యాటరీ ఖాళీ అవుతుంది. బ్యాటరీ సేవర్ కూడా ఎప్పుడూ ఆన్‌లో ఉంచకండి.

మూడు: గుర్తు ఉంటుంది, ఫోను మేలుకునే ఉంటుంది, అయినా వైఫై ఆపి మళ్లీ పెట్టేదాకా ఏదీ నడవదు. రౌటరు ప్రతి ఫోనుకూ ఒక అడ్రసు గడువుతో ఇస్తుంది, ఫిక్సెడ్ డిపాజిట్ మాదిరి. గడువులోగా రెన్యువల్ జరగాలి. నిద్రలో అది సరిగా జరగకపోతే ఇలా కావచ్చు. 'ఫర్‌గెట్ నెట్‌వర్క్' నొక్కి పాస్‌వర్డుతో మళ్లీ చేరండి, రౌటరును ఒకసారి ఆపి పెట్టండి. పడకగది దూరమైతే 5 గిగాహెర్ట్జ్ బదులు 2.4కు కలపండి. అది గోడలు దాటి కాస్త ఎక్కువ దూరం వస్తుంది.

ఒకేసారి అన్నీ మార్చకండి. ఒకటి మార్చి, ఒక రాత్రి చూసి, కాగితం మీద రాసుకోండి. టాలీ కానప్పుడు మేము చేసిందీ అదే. ఒక్కొక్క ఎంట్రీ చూసుకుంటూ పోతే తేడా ఎక్కడో బయటపడుతుంది.

ఇంకొక్క మాట. 2013 అక్టోబరు 12 రాత్రి గోపాలపూర్ దగ్గర ఫైలిన్ తుపాను తీరం దాటినప్పుడు మన బరంపురంలో ఉన్నవాళ్లకు చెప్పనక్కరలేదు. కరెంటు లేదు, ఫోను లేదు. పక్క వీధి కబురు తెలియాలంటే మనిషి నడిచి వెళ్లవలసి వచ్చింది. అందుకే ముఖ్యమైన కబురును ఒక్క దారినే నమ్ముకోకూడదు. మామూలు ఎస్ఎంఎస్‌కు డేటా ప్యాకు అక్కరలేదు, సిగ్నలుంటే వస్తుంది. దరఖాస్తులో తప్పకుండా ఎత్తే రెండో నంబరు ఒకటి ఇవ్వండి. కౌన్సెలింగు రోజుల్లో రాత్రి పడుకునేముందు, తెల్లవారి లేవగానే ఫోను తెరిచి ఒక్క నిమిషం చూడండి.

ఈ నీతి పిల్లలకే కాదు, మాకూ. ఆ ఏడు సొమ్ము ఆ అమ్మాయికి తిరిగి ఇప్పించలేకపోయాను. నలుగురిలో మందలించినందుకు నలుగురిలోనే తప్పు ఒప్పుకున్నాను. పెద్దలతో మాట్లాడి పద్ధతి మార్పించాను. ఇప్పుడు ఏ కాగితానికైనా మూడు రోజుల గడువు ఇస్తున్నాం. మెసేజ్ పెడతాం, రెండో టిక్కు పడిందో లేదో చూస్తాం, పడకపోతే ఫోను చేస్తాం, అప్పటికీ దొరకకపోతే ఇంటికి మనిషిని పంపుతాం. ఆఫీసు బోర్డు మీద కూడా అంటిస్తాం.

ఆ అమ్మాయి ఈ ఏడు జాబితాలో ఉంది, ఈ హాల్లోనే కూర్చుంది. పేరు చెప్పను. ఈసారి కబురు పంపిన రెండు నిమిషాలకే "అందింది తాతగారూ" అని జవాబు ఇచ్చింది. ఆ జవాబు నేను ఇంకా తుడిచెయ్యలేదు.