ఇంటిలెక్కల కాగితములు: కొన్ని లోపములు



ఇంటివద్ద బిడ్డలచేత లెక్కలు చేయించు పద్ధతులలో కుమోన్ పద్ధతి మిక్కిలి ప్రసిద్ధము. 1954లో జపానుదేశమున తోరు కుమోన్ అను గణితోపాధ్యాయుడు తన కుమారునికై దీనిని ఆరంభించెను. దినదినము కాగితములు పూరించుటవలన కూడికలు, హెచ్చవేతలు చేతికి వచ్చును. ఆ మేలును మేము కాదనము.

కాని అందు గణనకే ప్రాధాన్యము. కొలతలకు, క్షేత్రగణితమునకు చోటు స్వల్పము. ఫోరస్ రోడ్డు చాళ్లలో 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పుగల గదికి, ఒక్కొక్క ప్రక్క 2 అడుగులుండు షాబాదు బండలెన్ని కావలెను? గణన మాత్రమే నేర్చిన బిడ్డ 120ని 2చే భాగించి 60 అనవచ్చును. నేలపై సుద్దతో గీసి చూచినచో 30 చాలునని తెలియును. కట్టడపుపనికి వచ్చిన కామాఠీల పేరిట వెలసిన కామాఠిపురమున ఈ లెక్క మరువదగినది కాదు.

మరియొక లోపము: కాగితము బిడ్డను మాటలాడింపదు. మరాఠీ ‘ఏక్‌వీస్’లో ఒకటి ముందు, ఇరువది వెనుక, మన ‘ఇరువదియొకటి’లో ఇరువదియే ముందు. రెండు భాషల నడుమ పెరుగు బిడ్డకు ఈ భేదము నోట చెప్పించిననేగాని తేటపడదు.

కావున కాగితము ముగిసినపిదప “ఇట్లేల చేసితివి?” అని తెలుగున అడుగుడు, ఓపికతో వినుడు. చదువురాని తల్లియు అడుగగల ప్రశ్న యిది.