సరుకు మనది, సీసా మీద పేరెవరిది?

(సొంతంగా చిన్న వ్యాపారాలు చేసుకుంటున్న దళిత మహిళలు, యువకులు రావివలసలో కూడినప్పుడు ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఫోన్లో వ్యాపారం గురించి చెప్పమని నన్ను పిలిచారు. నేను వ్యాపారిని కాను, బడిపంతుల్ని. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటివాణ్ణి. మా అమ్మ పలాసలో జీడిపిక్కలు కొట్టి నన్ను చదివించింది. జీడి రసం తగిలి ఆవిడ వేళ్లు నల్లబడి, తోలు ఊడేది. పెళ్లికెళ్తే చేతులు కొంగు కింద పెట్టుకునేది. ఆ చేతులు వొలిచిన పప్పు మాత్రం డబ్బాల్లోకెక్కి దేశమంతా తిరిగింది. డబ్బా మీద కంపెనీ పేరుంది, బొమ్మ ఉంది. మా అమ్మ లేదు. ఈ రోజు నేను మాట్లాడేది ఆ కొంగు కింది చేతుల గురించే.

మీలో ఒక చెల్లి పనసకాయ పచ్చడి పెడతాది. టెక్కలిలో ఒక కొట్టాయన ఆ పచ్చడి తీసుకుని తన కాగితం అంటించి అమ్ముతాడు. ఈమెకిచ్చేదానికి రెట్టింపు ధర సీసా మీద ఉంటాది. "నువ్వే ఫోన్లో పెట్టి అమ్ముకోవచ్చు గదమ్మా" అన్నాను. ఆమె అన్నమాట చెప్తాను, వినండి. "అందరూ పెట్టమంతన్నారు మాస్టారూ. నా ముఖం, నా పేరు పెడితే ఊరోళ్లు సూస్తారు. 'ఆల్ల సేతి పచ్చడా' అని నవ్వితే నేనేటయిపోవాల?"

ఇది పిరికిమాట అనుకునేరు. కాదు. వెయ్యేళ్ల అనుభవం ఆ మాటలో ఉంది. నాక్కూడా ఆ భయం తెలుసు. ఉద్యోగం వచ్చిన కొత్తలో ఒక టౌన్లో అద్దె గదికెళ్తే "మీరేమిటోళ్లు?" అన్నారు. అబద్ధం చెప్పాను. ఆ గదిలో ఉన్నన్నాళ్లూ అంబేద్కర్ ఫొటో ట్రంకుపెట్టె అడుగునే ఉండిపోయింది. దాచుకుని బతకడం ఎంత బరువో ఆ గదిలో తెలిసింది నాకు.

ముందు చరిత్ర చూద్దాం. అంబేద్కర్ 1917లో విదేశాల నుంచి తిరిగొచ్చాక బొంబాయిలో షేర్ల వ్యాపారానికి సలహాలిచ్చే కంపెనీ ఒకటి పెట్టారు. ఆయన అంటరానివాడని తెలిశాక ఖాతాదార్లు రావడం మానేశారు. కంపెనీ మూతపడింది. తర్వాత 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' పత్రిక తెచ్చారు. దాని ప్రకటన డబ్బిస్తామన్నా 'కేసరి' పత్రిక వేసుకోలేదు. అంటే కనబడాలంటే మనవాళ్లకి ఆనాడు డబ్బిచ్చినా చోటు లేదు! కాబట్టి ధైర్యం చేస్తే చాలు గెలుస్తామని నేను మీకు అబద్ధం చెప్పను. అంతటాయన దుకాణమే కట్టేయించారు. కానీ ఆయన దాక్కోలేదు. ఒంటరిగా పెట్టిన కంపెనీ పోయింది, జనం కోసం తెచ్చిన పత్రిక ఒక ఉద్యమానికి గొంతయింది. ఇక్కడ మనకో పాఠం ఉంది.

ఈ జబ్బు పాతకాలంతో పోయిందా? పోలేదు. మధ్యాహ్న భోజనం వండే పనిలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. పదిహేడేళ్ల తర్వాత, 2021 డిసెంబరులో, ఉత్తరాఖండ్‌లోని సుఖీఢాంగ్ బడిలో పిల్లలు దళిత వంటామె చేతి అన్నం తినమన్నారు. ఆమెను పనిలోంచి తీసేశారు. గొడవైతే మళ్లీ పెట్టుకున్నారు. పంతులుగా ఆ వార్త చదివి నేను సిగ్గుపడ్డాను. పిల్లలకి ఆ మాట ఎవరు నేర్పారు?

అయితే ఒక్క సంగతి ఆలోచించండి. మన భయం ఎవరి కళ్ల గురించి? ఊరి కళ్ల గురించి. మరి మన పచ్చడి కొనేదెవరు? ఊరి బుగత కొంటాడా? ఏనాడైనా కొన్నాడా? ఉద్దానం నుంచి వలసపోయినోళ్లు హైదరాబాద్‌లో ఉన్నారు, చెన్నైలో ఉన్నారు, గల్ఫ్‌లో ఉన్నారు. వాళ్ల నాలుక పనస రుచి మర్చిపోలేదు. మన బేరం వాళ్లతో. ఎప్పుడూ కొననివాడు నవ్వుతాడని కొనేవాడికి కనబడకుండా కూర్చుంటే నష్టమెవరికి? మన ఎండల మల్లన్న దగ్గర కార్తీకమాసంలో జనం చూస్తారు గదా, పరాయూరి బుట్టలో సరుకు బాగుంటే కొనుక్కుపోతారు. ఫోను కూడా అలాంటి సంతే. కాకపోతే దీనికి పొలిమేర లేదు.

ఇంకో సంగతి. మనం దాక్కున్నామనుకుంటున్నాం గానీ నిజానికి దాక్కోలేదు. స్కానర్ పెట్టారా? డబ్బు పంపేవాడికి బ్యాంకులో ఉన్న మీ పేరు కనబడతాది. సీసాలో పెట్టి అమ్మే తిండిమీద తయారుచేసినవాళ్ల పేరు, చిరునామా ఉండాలని ఆహార చట్టమే చెప్తాది. ఎలాగూ కనబడేటప్పుడు ఎంత కనబడాలో మనమే తేల్చుకోవడం మేలు.

ఎంత కనబడాలి? ముఖం పెట్టి తీరాలని రూలేమీ లేదు. పనస తొనలు పెట్టండి, పచ్చడి కలిపే మీ చేతులు పెట్టండి. వ్యాపారానికి వేరే సిమ్ము తీసుకోండి. ఇంటి నెంబరు బయటకివ్వొద్దు. పిల్లల ఫొటోలు, వాళ్ల బడి పేరు అసలొద్దు. ఇల్లు కనబడే ఫొటో వద్దు. ఆడవాళ్లకి అర్ధరాత్రి ఫోన్లొస్తాయి, ఆ నెంబరు బ్లాక్ చెయ్యండి, సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

కులం చెప్పాలా? అది మీ ఇష్టం. 2016లో చంద్రభాన్ ప్రసాద్ గారు పచ్చళ్లు, పొడులు ఇంటర్నెట్లో అమ్మడానికి 'దళిత్ ఫుడ్స్' అనే పేరే పెట్టారు. ఎవడు కొంటాడో, ఎవడు ముఖం తిప్పుకుంటాడో చూద్దామన్నట్టు. కానీ ఆయన ఢిల్లీలో పేరున్న రచయిత. పేటలో ఉండి బుగత పొలంలోంచి నడిచే చెల్లిని అలా చెయ్యమని నేను శాసించలేను. చెప్పకపోవడం తప్పు కాదు. అడిగితే అబద్ధం చెప్పే స్థితిలో మాత్రం పడొద్దు. నేను పడ్డాను గనక చెప్తున్నాను.

మోసగాళ్ల గురించి. "మిలటరీ క్యాంటీన్‌కి యాభై సీసాలు కావాలి, డబ్బు వెయ్యడానికి ఈ స్కానర్ కొట్టండి" అని ఎవడో అంటాడు. గుర్తుపెట్టుకోండి: డబ్బు రావడానికి మనం పిన్ను కొట్టక్కర్లేదు. పిన్ను కొట్టామంటే డబ్బు పోతన్నట్టే. పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి.

ఇక అసలు భయం. ఎవడైనా కులం పేరుతో తిట్టు రాశాడనుకోండి. కోపంతో చెరిపేయకండి. తేదీ, వాడి పేరు కనబడేలా ఫొటో తీసి దాచండి. 1989 అట్రాసిటీ చట్టం ఉంది. దానికి 2015లో చేసిన సవరణ ప్రకారం సాంఘిక, ఆర్థిక బహిష్కరణ కూడా నేరమే. ఒకడు కొనకపోతే కేసు కాదు, "ఆల్ల దగ్గర ఎవరూ కొనొద్దు" అని కట్టడి చేస్తే కేసు. ఇంటర్నెట్లో చేసిన కులదూషణకూ ఈ చట్టం వర్తిస్తుందని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. మన దగ్గర వకీలు ఆ తీర్పు చూపించి వాదించొచ్చు. 14566 అనే నెంబరు ఈ అన్యాయాల కోసమే ఉంది. పుస్తకం అట్టమీద రాసుకోండి.

కానీ చట్టం కన్నా ముందు చెయ్యాల్సింది ఒకటుంది. అంబేద్కర్ కంపెనీ దగ్గర మిగిలిన పాఠం అదే. ఒక్కరే కనబడితే రాయి తగుల్తాది. పదిమందీ ఒక్కరోజే కనబడదాం. పచ్చడి చెల్లి, జీడిపప్పు తమ్ముడు, కుట్టుమిషను అప్ప, ఎండుచేపల పిన్ని, ఒకే రోజు పెట్టండి. ఒకరి సరుకు ఇంకొకరు తమ వాళ్లకి పంపండి. ఎవరికైనా తిట్టు వస్తే ఆమె ఒక్కతే జవాబు చెప్పకూడదు, మనలో చదువుకున్న ఇద్దరు చెప్పాలి. ఆ ఇద్దరిలో నేనొకణ్ణి. నా నెంబరు సభ అయ్యాక రాసుకోండి.

మా అమ్మ చేతులు ఫొటో తియ్యాలని అనుకునేవాణ్ణి. తీసేలోపే పోయింది. ఆ చెల్లి చేతులైనా ఎవరి కొంగు కిందా ఉండకూడదు. మొన్న ఆమె నాకొక సీసా పంపింది. దానిమీద కొట్టాయన కాగితం లేదు. బాల్‌పెన్నుతో రాసిన ఆమె పేరుంది. అక్షరాలు వంకరగా ఉన్నాయి. నాకెంత బాగున్నాయో!

జై భీమ్.