నాలుగు అడుగులు



కొండల మీద మా పోస్టులో ఎక్స్-రే లేదు. ఒక జవాను చీలమండ బెణికి కుంటుతూ వచ్చాడు. వాపు చూసి, విరిగిందేమోనని కిందికి మోయించబోయాను. నలుగురు మనుషులు, ఒక రోజు నడక. అప్పుడు ఒటావా సూత్రం గుర్తొచ్చింది.

1992లో కెనడాలో డాక్టర్ ఇయాన్ స్టీల్ బృందం ప్రకటించింది. చీలమండ దగ్గర నొప్పి ఉన్నప్పుడు రెండే చూడాలి. అటూ ఇటూ ఉబ్బెత్తుగా ఉండే ఎముకల వెనుక అంచున, కింది 6 సెంటీమీటర్లలో గాని, కొసన గాని, నొక్కితే నొప్పా? దెబ్బ తగలగానే, పరీక్షించేటప్పుడు కూడా నాలుగు అడుగులు వేయలేడా? ఒక్కటున్నా ఎక్స్-రే కావాలి. రెండూ లేకపోతే విరిగే అవకాశం చాలా తక్కువ.

నొక్కాను. నొప్పి ఎముక మీద కాదు, ముందువైపు. నడవమన్నాను, నడిచాడు. కట్టు కట్టి అక్కడే ఉంచాం. రోజూ చూశాను, కోలుకున్నాడు.

ఒక్కమాట. మనవాళ్లు నొప్పి దాచుకుంటారు, "బాగానే ఉంది సార్" అంటారు. అందుకే అడిగితే చాలదు, నొక్కి చూడాలి. తాగినవాడి విషయంలో, షుగరుతో పాదాలు మొద్దుబారినవాడి విషయంలో ఈ సూత్రాన్ని నమ్మకూడదు. సూత్రం డాక్టరుకు తోడే గాని, డాక్టరు కాదు.

జై హింద్.