ఎకరానికి వచ్చే సొమ్ము, లీటరుకు వచ్చే సొమ్ము

(అమరచింతలో సభ్య సంఘాల ప్రతినిధులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ప్రభుత్వం రైతుకిచ్చే ఆర్థిక సహాయాన్ని గురించి ఊరూరా చర్చ జరుగుతున్నది. పాల సంఘానికి దానితో పనేమిటని కొందరనుకోవచ్చు. పని ఉన్నదని మేము మనవి చేస్తున్నాము.

2018లో రైతుబంధు పంటకు ఎకరానికి 4,000 రూపాయలతో మొదలైంది. మరుసటి సంవత్సరం 5,000 అయింది. 2025 జనవరిలో దాని స్థానంలో వచ్చిన రైతు భరోసా ఏడాదికి ఎకరానికి 12,000 రూపాయలుగా నిర్ణయించింది. ఈ సొమ్ము అదునుకు అందితే విత్తనానికి, ఎరువుకు వడ్డీవ్యాపారి గడప తొక్కే పని తప్పుతుంది. ఈ మేలును మేము కాదనము.

అయితే ఇది పట్టాదారు పాసు పుస్తకాన్ని చూసి వచ్చే సొమ్ము. జూరాల కాలువ కింద గుత్తకు మడి చేసే కౌలుదారు పేరు ఆ పుస్తకంలో ఉండదు. పెట్టుబడి అతనిది, సహాయం పట్టాదారుది. గట్ల మీద గడ్డి కోసుకొచ్చి రెండు బర్రెలను సాకే భూమిలేని అక్కకు కూడ అందులో చోటు లేదు. కనుక కౌలు రైతులు గుత్త మాట్లాడుకొనే రోజుననే ఈ ఎకరపు సహాయాన్ని లెక్కలోకి తేవాలి.

పాల సొమ్ము దారి వేరు. 2014లో రాష్ట్ర ప్రభుత్వం విజయ డెయిరీకి పాలు పోసేవారికి లీటరుకు 4 రూపాయల ప్రోత్సాహకం ప్రకటించింది. 2017లో మరికొన్ని సహకార డెయిరీలకు విస్తరించింది. దీనికి ఎకరాలతో నిమిత్తం లేదు. ఎన్ని లీటర్లు పోశారన్నదే లెక్క. రోజుకు 4 లీటర్ల చొప్పున 300 రోజులు పోసిన ఇంటికి ఆ లెక్కన 4,800 రూపాయలు. సెంటు భూమి లేకున్నా అది ఆ ఇంటి హక్కు.

మరి ఆ అక్కకు పాసు పుస్తకమేది? మన సంఘం రిజిస్టరే! అందులో మూడిళ్ల పాలు ఒకే పేరున రాస్తే రెండిళ్ల కష్టం మూడో ఇంటికి పోతుంది. ప్రోత్సాహకం నెలల తరబడి బకాయి పడిన సందర్భాలున్నాయి. అప్పుడు ఎవరికెంత రావాలో రుజువు చేయగలిగేది ఆ రిజిస్టరు ఒక్కటే.

అందుచేత ప్రతి సంఘం మూడు పనులు చేయాలని కోరుతున్నాము.

1. పాలు ఎవరివో వారి పేరే రాయాలి. బర్రెను సాకేది ఆడమనిషి అయితే సభ్యత్వం, బ్యాంకు ఖాతా ఆమె పేరుననే ఉండాలి.

2. లీటర్లు, వెన్న శాతం రాసిన చీటీ పూటపూటకు చేతికివ్వాలి. చదువురానివారికి చదివి వినిపించాలి.

3. బిల్లు ఇచ్చేనాడు పేర్లు, మొత్తాలు కేంద్రం గోడకు అంటించాలి.

పాసు పుస్తకంలో తప్పు పడితే సరిచేయించుకొనుటకు కచేరీల చుట్టూ తిరగాలి. మన రిజిస్టరును సరిగా ఉంచుకొనుట మన చేతిలోని పని. ఆ పని ఈ పూట పాల నుండే మొదలుపెడదాము.