నకారపొల్లుకో నంబరు

వెనక నిలబడ్డవారు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ముందు ఒక అపనింద తుడిచేయాలి. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ ఐఫోన్లను పడగొట్టిందని వార్తలొచ్చాయి, గుర్తుందా? తెలుగు లిపి యంత్రాలకే అంతుబట్టదట! మనవాళ్లూ గొప్పగా చెప్పుకు తిరిగారు. అయ్యా, మామూలుగా టైపు చేసిన ‘జ్ఞా’ వల్ల ఏ ఫోనూ పడిపోలేదు. జకారం, పొల్లు, ఞకారం, ఆ తర్వాత కంటికి కనబడని ఒక విడదీత గుర్తు, ఆపైన దీర్ఘం. ఆ కనబడని గుర్తు నడుమ దూరేసరికి ఆపిల్‌వారి ప్రోగ్రాం తికమకపడింది. బెంగాలీలోనూ అలాగే పడింది. రోజుల్లోనే సరిచేశారు కూడా. తప్పు ప్రోగ్రాముది, ఓనమాలది కాదు! ఆ మూల నవ్వుతున్నవారు అప్పట్లో ఆ మెసేజి ఫార్వర్డ్ చేసినవారే అనుకుంటాను.

ఇక ‘యూనికోడ్‌వాళ్లు మన పాత అక్షరాలు కొట్టేశారు’ అనే ఏడుపు. యూనికోడ్ అంటే కంప్యూటర్ల కోసం ప్రతి అక్షరానికీ ఒక నంబరిచ్చే పట్టిక. ఎవరూ కొట్టేయలేదండీ. 1991 నాటి తెలుగు పట్టికకు మూలం మన దేశపు ఇస్కీ ప్రమాణమే. అందులో భారతీయ లిపులన్నిటికీ ఒకటే వరుస. తమిళానికి ‘ఴ’ ఉన్నచోట మనకు ఖాళీ. రేనాటి చోళుల శాసనాల్లోని ఆ అక్షరం నన్నయ నాటికే వాడుక తప్పింది. 2014 దాకా ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది. అలాగని వాడుక తప్పిన గుర్తులకు చోటు దొరకదని కాదు.

కామెరూన్‌లో న్జోయా అనే బాముం రాజు 1896 ప్రాంతంలో సొంత లిపి కట్టించి, దిద్దుతూ దిద్దుతూ వందల గుర్తులు వదిలేశాడు. ఆ పాత దశల గుర్తులు 569, 2010లో యూనికోడ్‌కెక్కాయి. రాజుగారే పక్కన పెట్టినవి! మన నకారపొల్లో? ‘వచ్చెన్’ చివరి ‘న్’కు వాడిన ఆ గుర్తు 19వ శతాబ్దపు అచ్చు పుస్తకాల్లో దర్జాగా కూర్చున్నదే. దానికి నంబరు 2021లో వచ్చింది. పాత పేజీల బొమ్మలు జతచేసి ఎవరో ఒకరు ప్రతిపాదన రాయాలి మరి. ‘మాది ప్రాచీన భాష’ అని తీర్మానాలు చేసి దండలు వేసుకుంటే నంబర్లు రావు.

టైమైందని సైగ చేస్తున్నారు. గబగబా చెబుతాను. ౘ, ౙ 2008లో వచ్చాయి, శాసనాల ౚ 2015లో. నంబరు వేరు, ఫాంటు వేరు. తెరమీద డబ్బా కనిపిస్తే మీ ఫాంటులో ఆ బొమ్మ లేదని అర్థం. యూనికోడ్‌లో లేదని నాకు మెయిళ్లు రాయకండి.

మీ ఇళ్లలో తాతలనాటి పుస్తకాలుంటే, అచ్చయిన ఊరూ సంవత్సరమూ కనిపించేలా మొదటి పేజీతో సహా స్కాన్ చేయించండి. రేపటి ప్రతిపాదనకు కావలసింది అదే. ప్రశ్నలుంటే అడగండి, ఐఫోన్ సంగతి తప్ప.